రక్షణ పోదంటావు, మరి భయమెందుకు?

పిల్లలను ఆదివారం ఆరాధనకు బలవంతంగానైనా తీసుకువెళ్లాలా అని ఇక్కడి తోటి తల్లిదండ్రులు అడిగితే, తీసుకువెళ్లాల్సిందేనని ఇన్నాళ్లూ తడుముకోకుండా చెప్పాను. ఈ వేసవి సెలవులకు కర్నూలు వెళ్లివచ్చాక ఆ ధీమా కాస్త సడలింది.

అక్కడ కుటుంబ ప్రార్థన ముగించి మా అమ్మ మనవడిని, అంటే మావాణ్ణి, సాక్ష్యం చెప్పమంది, తన నమ్మకం గురించి నాలుగు మాటలు. పన్నెండేళ్లకే బాప్తిస్మం తీసుకున్నవాడు, ఇప్పుడు పదిహేనేళ్లు. ‘నమ్ముతున్నానో లేదో నాకే తెలియడం లేదు అవ్వా, లేనిది ఎలా చెప్పను?’ అన్నాడు. అమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, ‘సరేలే నాయనా, కీర్తన పాడదాం’ అంది. ఊరుకోలేకపోయింది నేనే. ఆ రాత్రి మిద్దె మీద నేను చేసిన ప్రసంగానికి పక్కింటివాళ్లు కూడా మారుమనస్సు పొంది ఉండాలి. అంతా విని వాడు ఒక్కటే అడిగాడు: ‘ఒకసారి రక్షణ పొందితే పోదంటావు కదా నాన్నా, మరి నీకెందుకింత భయం?’

మాది బాప్టిస్టు ఇల్లు. ప్రభువును నమ్మి రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, పొందినవాడు దాన్ని మళ్లీ పోగొట్టుకోడని మా నమ్మకం. తన గొర్రెలను తన చేతిలోనుంచి ఎవరూ అపహరించలేరని ప్రభువు చెప్పిన యోహాను సువార్త పదో అధ్యాయం నాకు సండే స్కూలు నాటి నుంచి కంఠతా వచ్చు. మా మామగారిది కడప, పెంతెకొస్తు సంఘం. రక్షణ పోవచ్చని చూపడానికి ఆయన హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం తీస్తారు: ఒకసారి వెలిగింపబడి తప్పిపోయినవారిని మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమని అక్కడ ఉంది. పెళ్లయిన కొత్తలో భోజనాల దగ్గర ఈ రెండు అధ్యాయాలకూ కుస్తీ జరిగేది. ఇద్దరం ఓడలేదు. కానీ నా నమ్మకం కర్నూలుదైనా నా పెంపకం అచ్చంగా కడప మామగారిదే. వాడు వరసగా రెండు ఆదివారాలు మానేస్తే నాకు నిద్ర పట్టదు.

మావాళ్ల దగ్గర ఇంకో జవాబుంది. విడిచిపోయినవాడు అసలు నమ్మనేలేదంటారు. మనలోనుంచి వెళ్లినవారు మనవారు కారని మొదటి యోహాను పత్రిక చూపిస్తారు. ఊళ్లో ఎవరో చర్చి మానేస్తే నేనూ ఈ మాట సులువుగా అనేశాను. సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి నోరు రాలేదు. బాప్తిస్మం రోజు నీళ్లలోంచి లేచి, చెవిలో నీళ్లు పోయాయని ఒంటికాలి మీద గెంతుతూ నవ్విన పిల్లవాడు ఆ రోజు నమ్మలేదని ఎలా అనను?

నిజంగా నమ్మిందెవరో తేల్చడం మిషనరీలకే చేతకాలేదు. 1876-78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో జనానికి పని చూపించాడు. కూలి కోసం చేరుతున్నారేమోనన్న అనుమానంతో అన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మా అమ్మ ఆ లెక్క గర్వంగా చెబుతుంది. ఆపినంత మాత్రాన ఎవరి లోపల ఏముందో ఆయనకు తెలిసిందంటారా?

మావాడు ఊరుకునే రకం కాదు, ఫోనులో చరిత్ర తవ్వాడు. 1610లో హాలండ్‌లో అర్మీనియస్ అనే వేదపండితుడి అనుచరులు తమ నమ్మకాలను ఐదు అంశాలుగా రాస్తూ, విశ్వాసి పడిపోగలడా అన్నదాన్ని మాత్రం లేఖనాల్లో ఇంకా పరిశీలించాలని వదిలేశారు. పడిపోడని అక్కడి సంఘ పెద్దల డోర్ట్ మహాసభ తీర్మానించేసరికి 1619 వచ్చింది. ‘అంతటి పండితులే ఆలోచిస్తామన్నారు. నాకు మాత్రం వచ్చే ఆదివారమే గడువా?’ అన్నాడు.

ఎంత గడువివ్వాలో నాకు తెలియదు. కాలేజీకి వెళ్లిపోతే ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఉండదు. దేవుని చేతిలో ఉన్నాడనుకుంటే నేను చేయి తీసేయాలి కదా; తీస్తే అది నమ్మకమో నిర్లక్ష్యమో ఎవరు చెప్పాలి? మామగారినైతే అడగను. ప్రస్తుతానికి ‘నీ ఇష్టం’ అన్నాను. అన్నానే గాని, శనివారం రాత్రి వాడి చొక్కా నేనే ఇస్త్రీ చేస్తున్నాను. ఎందుకని అడిగితే, సోమవారం బడికి అంటున్నాను.