నేల మీద పడుకుని చూస్తే కనిపించేవి

పాత టామ్ అండ్ జెర్రీలో ఆ ఇంటావిడ మొహం ఎలా ఉంటుందని అడగండి, చాలామంది చెప్పలేరు. ఆవిడ కాళ్ళు గుర్తుంటాయి, చెప్పులు గుర్తుంటాయి, చేతిలో చీపురు గుర్తుంటుంది, మొహం మాత్రం గుర్తుకు రాదు, ఎందుకంటే దాన్ని దాదాపుగా ఎప్పుడూ ఫ్రేములోకి రానివ్వలేదు. చిన్నప్పుడు నాకిది వింతగా కూడా అనిపించలేదు. వసారాలో గచ్చు మీద బోర్లా పడుకుని ఆడుకునే పిల్లకి ఇంట్లో పెద్దవాళ్ళు అలాగే కనిపిస్తారు కదా, అమ్మంటే చీర కుచ్చిళ్ళు, తాతయ్యంటే పంచె అంచూ చేతికర్రా. ఇప్పుడు స్టోరీబోర్డులు, అంటే సినిమా తీసే ముందు షాట్లని వరసగా వేసుకునే బొమ్మలు, గీయడమే నా పని అయ్యాక ఆ కార్టూన్లు మళ్ళీ ఆపి ఆపి చూస్తుంటే తెలుస్తోంది, కెమెరాని పిల్లి ఎత్తులో, ఒక్కోసారి ఎలక ఎత్తులో పెట్టారు, అంతే. ఆ ఒక్క నిర్ణయంతో మామూలు వంటగది కాస్తా పెద్ద రాజ్యం అయిపోయింది. కుర్చీ కాళ్ళు స్తంభాలు, గోడలో కన్నం ఇల్లు, ఫ్రిజ్ ఒక కొండ.

నేనీ మధ్య ఎక్కువగా ఆలోచిస్తున్నది ఈ ఎత్తు గురించే. బొమ్మలతో ఆడుకునే పిల్లలకీ ఆ పాత కార్టూన్లు తీసినవాళ్ళకీ కన్ను ఉండే చోటు ఒకటే. మీరెప్పుడైనా గమనించారా, పిల్లలు బొమ్మ కారుతో ఆడేటప్పుడు కాసేపటికి చెంప నేలకి ఆనించేస్తారు, ఒక కన్ను మూసేస్తారు, కారు చక్రం పక్కన కన్ను పెట్టి నెమ్మదిగా తోస్తారు. కారు పెద్దదైపోవాలి వాళ్ళకి, దుమ్ము లేవాలి. ఎవరూ నేర్పకుండానే వాళ్ళు లో యాంగిల్ షాట్ పెడుతున్నారు! నేనూ అంతే. స్టోరీబోర్డు అనే మాట వినడానికి చాలా ఏళ్ళ ముందే మా వసారాలో షాట్లు పెట్టేదాన్ని.

మా ఊరు నరసాపురానికి దగ్గర్లో ఉంటుంది. హైదరాబాద్ స్టూడియోల పని ఇక్కడ ఇంట్లో కూర్చునే చేస్తాను. మావయ్య వచ్చినప్పుడల్లా భుజం మీంచి తొంగి చూసి "ఏమ్మా, ఇంతకీ ఇది కామిక్సేగా?" అంటాడు. కాదు మావయ్యా అని ప్రతిసారీ ఓపిగ్గా చెప్తాను. కామిక్స్‌లో గడి చదివేవాళ్ళ కోసం, అందులో బొమ్మ అందంగా ఉండాలి. స్టోరీబోర్డులో ప్యానెల్ తర్వాత పనిచేసే వాళ్ళ కోసం: కెమెరా ఎక్కడుంది, ఎవరు ఎటు నుంచి ఎటు కదులుతున్నారు, చూసేవాడి కన్ను ముందు దేని మీద పడాలి, ఆ షాట్ ఎంతసేపు నిలబడాలి. ఇవి తెలిస్తే చాలు, మనిషి బదులు పుల్లల బొమ్మ గీసినా నడుస్తుంది. 1930ల మొదట్లో డిస్నీ స్టూడియోలో ఈ పద్ధతి కుదురుకుంది, ఒక్కో సంఘటననీ ఒక్కో కాగితం మీద గీసి పెద్ద బోర్డు మీద వరసగా పిన్నులతో గుచ్చేవారు. దీంట్లో కిటుకంతా ఆ పిన్నులోనే ఉంది. పుస్తకంలో గీస్తే బొమ్మ కదలదు, విడి కాగితమైతే పీకేయొచ్చు, ముందుకి జరపొచ్చు, రెండింటి మధ్య ఇంకోటి పెట్టొచ్చు. సినిమా ఒక్క అడుగు కూడా తీయకుండానే కథ గోడ మీద కనిపించేస్తుంది. నేను ట్యాబ్లెట్ మీదే గీస్తాను గానీ, నా సొంత పనికి మాత్రం ఇప్పటికీ చిన్న చిన్న చీటీలు బీరువా తలుపు మీద అంటిస్తాను, అమ్మ ఏమీ అనదు, ఆవిడకి కూడా చూడ్డం ఇష్టమే.

టామ్ అండ్ జెర్రీ పనిని విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా పంచుకున్న తీరు నాకు చాలా ఇష్టం. బార్బెరా కథ, బొమ్మలు, స్టోరీబోర్డు చూసుకునేవారు, హన్నా టైమింగ్ చూసుకునేవారు. 1940లో మొదటిది వచ్చింది, తర్వాత ఏడు ఆస్కార్లు. మాటలు దాదాపు లేవు, స్కాట్ బ్రాడ్లీ సంగీతమే మాటలు. అందుకే ఇంగ్లీషు ముక్క రాని మా వీధి పిల్లలం, మాతోపాటు కూర్చునే నాయనమ్మ, అందరం ఒకే చోట నవ్వేవాళ్ళం. భాష అక్కర్లేని కథ గీయడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది నాకు. డైలాగ్ ఉంటే గీతలో లోపాన్ని అది కప్పేస్తుంది. అది లేనప్పుడు ప్రతి ప్యానెలూ తన కాళ్ళ మీద తనే నిలబడాలి.

బొమ్మల సంగతికొస్తాను, అసలు రాయాలనుకున్నది వాటి గురించే.

అమ్మమ్మ దగ్గర లక్కపిడతలు ఉండేవి, ఏటికొప్పాకవి. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ చెక్కి, తిరుగుతుండగానే లక్క రంగు పట్టిస్తారు, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుని నున్నగా మెరుస్తుంది. తిప్పుతూ చేసింది కాబట్టి అది ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది. ఈ మాట యానిమేషన్ వాళ్ళకి చెప్తే కళ్ళు మెరుస్తాయి. ఒక పాత్రని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీసి చూపించే షీటుని టర్న్ అరౌండ్ అంటారు, కొత్తవాళ్ళకి చుక్కలు కనిపించేది అక్కడే. లక్కబొమ్మకి ఆ బాధే లేదు. మిక్కీ మౌస్ చెవులు చూడండి, తల ఎటు తిప్పినా రెండూ గుండ్రంగానే ఉంటాయి. నిజంగా అలాంటి చెవులున్న జీవి ఎక్కడా ఉండదు, కానీ సెకనుకి పన్నెండో ఇరవై నాలుగో బొమ్మలు చేత్తో గీయాల్సిన వాళ్ళకి ఆ రెండు సున్నాలు ఎంత మేలు చేశాయో. నాకు పాత్రలు తోచనప్పుడు ఇప్పటికీ అమ్మమ్మ లక్క చెంబునీ లక్క తిరగలినీ ముందు పెట్టుకుని వాటికి కళ్ళు గీస్తూ కూర్చుంటాను.

ఇంకోటి అంతర్వేది తీర్థంలో కొనిపించుకున్న రేకు పడవ. మాఘమాసంలో భీష్మ ఏకాదశి నాడు రథం లాగుతారు, ఆ జనంలో మా పిల్లల కళ్ళన్నీ బొమ్మల దుకాణాల మీదే. పడవ కడుపులో పలచటి రేకు డబ్బా, దాన్నించి వెనక్కి రెండు సన్నటి గొట్టాలు. గొట్టాల్లో నీళ్ళు నింపి, పళ్ళెంలో నీళ్ళ మీద వదిలి, డబ్బా కింద చిన్న వత్తి వెలిగించాలి. నీరు ఆవిరై గొట్టాల్లోంచి నీటిని వెనక్కి తంతుంది, పడవ ముందుకి పోతుంది, ఆవిరి చల్లబడగానే మళ్ళీ నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది, మళ్ళీ తంతుంది. పైన పలచటి రేకు లోపలికీ బయటికీ కొట్టుకుని టకటకటక. అయితే వత్తి వెలిగించగానే కదలదది. కాసేపు ఏమీ జరగదు. అందరం ఊపిరి బిగబట్టి పళ్ళెం చుట్టూ కూర్చునేవాళ్ళం, ఎవరో ఒకరు "పాడైపోయిందే" అనేలోపు టక్ అని ఒకటి, మళ్ళీ నిశ్శబ్దం, తర్వాత ఒక్కసారిగా బయల్దేరేది. ఆ మొదటి టక్‌కీ బయల్దేరడానికీ మధ్య ఖాళీ ఉంది చూశారూ, టైమింగ్ అంటే నాకు ఇప్పటికీ అదే.

చక్ జోన్స్ తీసిన రోడ్ రన్నర్ కార్టూన్లలో, ఆ పరుగుల పక్షిని పట్టుకోబోయి కయోటీ అనే తోడేలు లాంటి జంతువు కొండ మీంచి పడిపోవడం చూసే ఉంటారు. 1949లో మొదటిది వచ్చింది. కయోటీ కిందకి పడుతూ చిన్న చుక్కై కనుమరుగవడానికి 18 ఫ్రేములు, ఆ తర్వాత 14 ఫ్రేములకి కింద దుమ్ము లేవాలి, ఇదీ జోన్స్ లెక్క. పదమూడైనా పదిహేనైనా నవ్వు రాదని ఆయన నమ్మకం. సెకనుకి 24 ఫ్రేములంటే ఒక్క ఫ్రేము తేడా రెప్పపాటు కూడా కాదు. అయినా దాని కోసం పట్టుబట్టారు. అలాంటి పట్టుదల ఉన్నవాళ్ళంటే నాకు భక్తి.

మన దగ్గర లేదా ఈ సంప్రదాయం అంటే, ఎందుకు లేదు? బాపు గారు పుట్టింది నరసాపురంలోనే, 1933లో. సినిమా మొదలుపెట్టే ముందు షాట్లన్నీ బొమ్మలుగా గీసేసుకునేవారు, నటులు ఎక్కడ నిలబడాలో, ఫ్రేములో ఎంత ఖాళీ వదలాలో అందులోనే ఉండేది. ఆ ఖాళీ చూడండి ఒకసారి. ఓ మూల మనిషి, మిగతాదంతా తెల్ల కాగితం, అయినా అక్కడ గోదావరి ఉందని మనకి తెలిసిపోతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు వస్తుంటే నాకు ప్రతిసారీ ఆ తెల్ల కాగితమే కళ్ళముందు ఉంటుంది, నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగులో కలిసిపోయి, మధ్యలో అడ్డంగా కొబ్బరిచెట్ల సన్నటి గీత ఒక్కటే.

ఇక నేను సొంతంగా గీస్తున్న స్టోరీబోర్డు. కథ చాలా చిన్నది, ఒక ముంజికాయల బండి పిల్లాడి చేతిలోంచి జారి కాలవగట్టు మీద తన దారిన తను పోతుంది. మాటలు ఉండవు. ముంజికాయల బండి చేయని వాళ్ళకి చెప్తాను: ముంజలు తినేశాక మిగిలిన కాయలు రెండు తీసుకుని, రెండింటినీ కలుపుతూ మధ్యలో ఒక పుల్ల గుచ్చి, పంగల కర్రతో ఆ పుల్లని తోసుకుంటూ పోవడమే. రెండు కాయలూ ఒకే సైజు ఉండవు, పుల్ల సరిగ్గా నడిమధ్యలో దిగదు. అందుకని బండి గెంతుతూ నడుస్తుంది, చిన్న కాయ ఉన్న వైపుకి లాగేస్తుంది. వంకరగా గెంతుతూ పోయే ఆ నడకలోనే దాని స్వభావం ఉంది, నేను కొత్తగా కళ్ళూ ముక్కూ పెట్టక్కర్లేదు. మొండిది అని నడక చూస్తేనే తెలిసిపోతుంది. రెండ్రోజులకి కాయలు వాడి నల్లబడతాయి, మళ్ళీ కొత్తవి కావాలి.

గీయడం మొదలుపెట్టాక ఎదురైన చిక్కు మా నేలే. డెల్టా అంతా చదును. కయోటీ పడ్డానికి ఇక్కడ కొండ ఏదీ? గట్టు మీద నిలబడిన మనిషి ఎత్తు నుంచి గీస్తే చేలు, కొబ్బరితోటలు అన్నీ పటం పరిచినట్టు ఉంటాయి, అందంగానే ఉంటాయి గానీ భయం పుట్టదు. అందుకే కెమెరాని బండి చక్రం ఎత్తుకి దించేశాను, మళ్ళీ అదే వసారా ఎత్తు. దించగానే గరికపోచలు చెట్లయ్యాయి, దారికి అడ్డంగా పోయే నత్త లారీ అంత అయ్యింది, పంటబోదె దాటడం నది దాటడమే. నాకు అన్నిటికంటే నచ్చిన ప్యానెల్ ఒకటుంది: ముందు మొత్తం ఫ్రేము నిండా గేదె గిట్టలు, వాటి మధ్య సందులోంచి దూరంగా చిన్నగా బండి వస్తూ ఉంటుంది.

కాలవ ఒక గొప్ప సాయం చేసింది. సినిమాలో 180 డిగ్రీల గీత అని ఒకటుంటుంది, పాత్రలు కదిలే దారి వెంట మనం ఊహించుకునే గీత, కెమెరా ఆ గీతకి ఒకే పక్క ఉండాలి, అటు దాటిందంటే ఎడమ నుంచి కుడికి పోయేవాడు కుడి నుంచి ఎడమకి పోతున్నట్టు కనిపించి చూసేవాడు తికమకపడతాడు. నా కథలో ఆ గీత కాలవే. కెమెరా ఎప్పుడూ ఇవతలి గట్టునే ఉంటుంది, బండి ఎప్పుడూ ఎడమ నుంచి కుడికి లాకుల వైపు పోతుంది. పిల్లాడు మాత్రం దగ్గరదారి అని వంతెన ఎక్కి అవతలి గట్టుకి పోతాడు, అప్పుడు ఒక్కసారి కెమెరాని వాడితో పాటు వంతెన మీద నుంచి దాటిస్తాను, కట్ లేకుండా, చూసేవాళ్ళు కూడా నడిచి దాటేలా. ఆ ఒక్క షాటుకి చాలా చీటీలు ఖర్చయ్యాయి.

కొండ సంగతి కూడా తేలింది, రేవు మెట్లు. బండి గెంతుతూ వచ్చి పై మెట్టు అంచున ఆగుతుంది, చిన్న కాయ గాల్లో, పెద్ద కాయ మెట్టు మీద. అక్కడ హోల్డ్. ఏమీ కదలదు, పక్కన బట్టలుతికే ఆవిడ చెయ్యి కూడా పైనే ఆగిపోతుంది. ఇక్కడ కూడా ఆవిడ మొహం చూపించను, గాజులు, తడిసిన చీర అంచు, సబ్బు నురగ అంతే. తర్వాత టక్ అని ఒక మెట్టు. మళ్ళీ ఆగుతుంది. అక్కడి నుంచి అన్ని మెట్లూ గబగబా దొర్లుకుంటూ పోయి బుడుంగుమని నీళ్ళలో. ముంజికాయ మునగదు కాబట్టి తేలుతుంది, పుల్ల ఊడి రెండు కాయలూ చెరోవైపు కొట్టుకుపోతాయి. పిల్లాడు ఎటు పరిగెత్తాలో తేల్చుకోలేక గట్టు మీద అటూ ఇటూ చూస్తాడు, ఆ తర్వాత ఏం చేస్తాడన్న దానికి రెండు ముగింపులు గీశాను, ఏది ఉంచాలో ఇంకా తేల్చలేదు.

ఇప్పుడు ప్యానెల్స్ అన్నీ కెమెరాతో ఫోటోలు తీసి టైమింగ్ వేసి యానిమాటిక్, అంటే ఆ బొమ్మలనే వరసగా నడిపే కచ్చా సినిమా, చేస్తున్నాను. పై మెట్టు మీద ఆ హోల్డ్ ఎంతసేపు ఉండాలో లెక్క కుదరట్లేదు, ఒక సెకను తక్కువవుతోంది, రెండు సెకన్లు బరువవుతోంది. సంక్రాంతికి వీధిలో పిల్లలందరూ చేరతారు, మా గోడ మీద రెండు ముగింపులూ వేసి చూపిస్తాను. ముందు వరసలో నేల మీద కూర్చునే చిన్నవాళ్ళు ఎక్కడ పక్కకి చూస్తే అక్కడ ప్యానెల్ పీకేస్తాను.