ఆడి క్వాట్రో: బోలు షాఫ్ట్‌తో మొదలైన ప్రయాణం

1980లో జెనీవా మోటార్ షోలో ఆడి తన క్వాట్రోను ప్రదర్శించే నాటికి, నాలుగు చక్రాలకూ శక్తినందించే ఏర్పాటు ప్రధానంగా జీపుల వంటి మొరటు బండ్లకే పరిమితమై ఉండేది. దాన్ని వేగవంతమైన కారులో ఇమిడ్చిన కిటుకు గేర్‌బాక్సులో ఉంది: బోలుగా చేసిన షాఫ్ట్ (తిరిగే కడ్డీ) ఇంజిన్ శక్తిని వెనుకనున్న సెంటర్ డిఫరెన్షియల్‌కు, అంటే ముందు, వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల అమరికకు, చేరవేస్తుండగా, దాని లోపలే తిరిగే మరో సన్నని షాఫ్ట్ అందులో సగాన్ని ముందు చక్రాలకు తిప్పి పంపుతుంది, కాబట్టి జీపుల్లో ఈ పంపకం చేసే బరువైన ట్రాన్స్‌ఫర్ కేసు విడిగా అవసరం లేకపోయింది. నా దృష్టిలో ఆ తర్వాత వచ్చిన ఏ ఇంజిన్ కన్నా ఇదే గొప్ప ఆలోచన.

1981లో ఫ్రెంచ్ మహిళా డ్రైవర్ మిషెల్ మూటన్ ఈ కారుతోనే ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీ గెలిచారు. ర్యాలీల కోసమే ముందు, వెనుక చక్రాల మధ్య దూరాన్ని 320 మిల్లీమీటర్లు కుదించి చేసిన స్పోర్ట్ క్వాట్రో 306 హార్స్‌పవర్ ఇచ్చింది. అందం మాటెలా ఉన్నా, దాని పొట్టి రూపానికి ఇప్పటికీ అభిమానులున్నారు. 1994లో పోర్షె సహకారంతో వచ్చిన ఆర్ఎస్2 అవాంట్, 315 హార్స్‌పవర్‌ను కుటుంబాలు వాడుకునే ఎస్టేట్ కారులో పెట్టింది.

ముందు భాగం బరువెక్కి మలుపుల్లో కారు బయటికి జారడం మాత్రం ఈ వంశానికి చాలాకాలం వదలని జబ్బు. 2005 నాటి ఆర్ఎస్4 శక్తిని 40:60గా వెనక్కు మళ్లించి కొంత సరిచేయగా, 2021 ఆర్ఎస్3 వెనుక చక్రాలకు చెరొక క్లచ్ అమర్చి, మలుపులో బయటి చక్రానికి ఎక్కువ శక్తిని పంపుతోంది.