పిట్ట ఈకలు విడివిడిగా కనిపించేదాకా

కెమెరా వెనకాల తెర మీద చూస్తే ప్రతి ఫోటో బాగానే ఉంటుంది. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో వంద శాతానికి పెంచి చూసినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. వైజాగ్ దగ్గరి కొండకర్ల ఆవ చెరువులో నేను తీసిన నీలికోడి ఫోటోలు చాలాకాలం అలాగే ఉండేవి. రంగు ఉంది, ఆకారం ఉంది, ఎర్రటి ముక్కు ఉంది. మెడ దగ్గర ఈకలు మాత్రం నీళ్ళు పడ్డ ముగ్గులా కలిసిపోయేవి. లెన్సు మార్చమన్నవాళ్ళు కొందరు, కెమెరా మార్చమన్నవాళ్ళు కొందరు. నా దగ్గరున్నది నికాన్ డి7200, దానికి ఒక 150-600 ఎంఎం జూమ్ లెన్సు. రెండూ కొత్తవి కావు, అలాగని పారేసేవీ కావు. వీటితో ఎంత రాబట్టవచ్చో ముందు తేలాలి, డబ్బు సంగతి తర్వాత అనుకున్నాను.

పరీక్షలకి పిట్టలు పనికిరావు, కుదురుగా ఉండవు కదా. అందుకని మేడ మీద మొదలుపెట్టాను. దినపత్రికలో చిన్న ప్రకటనల పేజీని అట్టకి అంటించి పిట్టగోడకి ఆనించాను. అవతలి మూల ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, చెయ్యి తగలకుండా టైమర్ వేసి, ఒకసారి వ్యూఫైండర్‌తో (కన్ను ఆనించి చూసే కిటికీ) ఫోకస్ చేసి, ఇంకోసారి లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) ఫోకస్ చేసి తీశాను. లైవ్ వ్యూలో తీసినదాంట్లో 'లక్ష్మి' అన్న మాటలో కింది వత్తు విడిగా కనిపిస్తోంది. వ్యూఫైండర్‌తో తీసినదాంట్లో ఆ వత్తు అక్షరంలో కలిసిపోయింది. అదే లెన్సు, అదే వెలుతురు, అదే కాగితం.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. నా కెమెరాలాంటి డీఎస్‌ఎల్‌ఆర్‌లో, అంటే లోపల అద్దం ఉండే కెమెరాలో, వ్యూఫైండర్‌తో ఫోకస్ చేసేటప్పుడు కొలిచేది అద్దం పెట్టె అడుగున ఉండే వేరే సెన్సర్. ఫోటో పడేది ఇంకో సెన్సర్ మీద. ఈ రెండు దారుల మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా 600 ఎంఎం దగ్గర అది కంట్లో పడుతుంది. లైవ్ వ్యూలో ఫోటో పడే సెన్సరే ఫోకస్ కూడా చూస్తుంది కాబట్టి ఆ బెడద ఉండదు. కాగితాన్ని ఏటవాలుగా పడుకోబెట్టి తీస్తే నేను గురిపెట్టిన వరుస కన్నా దాని వెనక వరుసలు స్పష్టంగా వచ్చాయి, అంటే ఫోకస్ వెనక్కి పడుతోందన్నమాట. మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ అని, ఆటోఫోకస్‌ని ముందుకీ వెనక్కీ సరిచేసేది ఉంటుంది, మైనస్ 20 నుంచి ప్లస్ 20 దాకా జరపవచ్చు. నా లెన్సుకి మైనస్ 6 దగ్గర కుదిరింది. ఈ కెమెరా ఒక్కో లెన్సుకి ఒకే అంకె గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి నేనెప్పుడూ వాడే 600 దగ్గరే సరిచేశాను. 150 దగ్గర ఎలా ఉందో నాకు పట్టలేదు. పిట్టల కోసం ఆ జూమ్‌ని 150 దగ్గర వాడేవాళ్ళని నేనింకా చూడలేదు.

అదే కాగితం మీద ఇంకో రెండు సంగతులు తేలాయి. లెన్సు కొన్నప్పుడు దుకాణంలో అంటగట్టిన యూవీ ఫిల్టర్ తీసేస్తే వత్తులు ఇంకాస్త తేటపడ్డాయి. ఎపర్చర్ని, అంటే లెన్సులో వెలుగొచ్చే కన్నాన్ని, ఎఫ్/6.3 నుంచి ఎఫ్/8కి తగ్గించినా అంతే. సముద్రం ఒడ్డుకి వెళ్తే ఉప్పుతుంపర్ల భయానికి ఫిల్టర్ పెడతాను, మిగతా చోట్ల లెన్సు ముందు తొడిగే హుడ్ చాలు.

వైజాగ్‌లో ఉండేవాళ్ళు ఇంకొకటి కూడా చూసుకోవాలి. చీకటి గదిలో లెన్సు ఒక చివర నుంచి టార్చి వేసి రెండో చివర నుంచి చూడండి. సన్నటి దారప్పోగుల్లాంటివి అల్లుకుని కనిపిస్తే అది ఫంగస్. మన ఉక్కకి బీరువాలో పెట్టిన లెన్సులకి అది తొందరగానే పడుతుంది, పట్టాక ఫోటోలో కాంట్రాస్ట్ తగ్గిపోతుంది. నా లెన్సుకి లేదు. అయినా అప్పటినుంచి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెడుతున్నాను. ఏసీ గదిలో మాత్రం పెట్టను. తెల్లవారుజామున చల్లటి లెన్సుని బయటికి తీస్తే ముందు గాజంతా మంచు పట్టేస్తుంది, అది పోయేలోపు మంచి వెలుతురూ పోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా కొన్ని ఫోటోలు మసగ్గానే వచ్చేవి. అదే సెట్టింగులు, అదే పిట్ట, పొద్దున ఏడింటికి తీసినది బాగుంది, పదకొండింటికి తీసినది బాగాలేదు. దీని అంతు మాత్రం మేడ మీదే చూశాను. నాలుగు వీధుల అవతల ఒక నీళ్ళ ట్యాంకు మీద కంపెనీ పేరు ఉంటుంది. తెల్లారగానే లైవ్ వ్యూలో దాన్ని పెద్దది చేసి చూస్తే అక్షరాలు రాయిలా నిలబడి ఉన్నాయి. ఎండెక్కాక చూస్తే అవే అక్షరాలు మెలికలు తిరుగుతున్నాయి. కాలిన డాబాల మీద నుంచి వేడిగాలి లేస్తుంది. వేడిగాలీ చల్లగాలీ కలిసిన చోట వెలుగు వంగుతుంది. 600 ఎంఎం లెన్సు పిట్టతో పాటు ఆ వంకర్లని కూడా పెద్దవి చేసి చూపిస్తుంది. షట్టర్ స్పీడ్ ఎంత పెంచినా అది పోదు. లక్షల రూపాయల లెన్సు తగిలించినా పోదు. నేను చూసినంతలో మన ప్రాంతంలో సగం మసక ఫోటోలకి ఇదే కారణం, నింద మాత్రం ఎప్పుడూ లెన్సు మీదే పడుతుంది.

తెలిశాక నా పద్ధతి మార్చుకున్నాను. ఇసక మీద నుంచి, తారు రోడ్డు మీద నుంచి దూరపు పిట్టని తీయడం మానేశాను. కారులో ఏసీ వేసుకుని అద్దం దించి తీయడం కూడా అంతే, చల్లగాలీ వేడిగాలీ సరిగ్గా లెన్సు ముందే కలుస్తాయి. ముడసర్లోవలో నీళ్ళ మీద తేలే సోలార్ పలకలున్నాయి, వాటి అంచున నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటుంటాయి. చూడ్డానికి ముచ్చటే గానీ ఎండెక్కాక పలకల మీదుగా తీస్తే పనికిరాదు. వేసవిలో అయిదున్నరకే తెల్లారిపోతుంది కాబట్టి ఎనిమిది దాటితే కెమెరా సంచిలో పెట్టేసి బైనాక్యులర్స్ తీస్తాను.

మిగిలింది దూరం. దీని లెక్క చిన్నదే. నా సెన్సర్‌లో 6000 అడ్డం, 4000 నిలువు, మొత్తం 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్ళు. ఫ్రేముని అడ్డంలోనూ నిలువులోనూ సగమే ఉంచి కత్తిరిస్తే మిగిలేది 60 లక్షలు. ఏ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల లెక్కన ప్రింటు వేయాలంటే దాదాపు 87 లక్షలు కావాలి. అదే పిట్టకి సగం దూరంలోకి వెళ్తే దాని మీద పడే పిక్సెళ్ళు నాలుగు రెట్లవుతాయి. పైగా మధ్యలో ఉన్న గాలి కూడా సగమైపోతుంది.

కొండకర్లలో తాటిదోనె నడిపే తాత నాకు ఇవేవీ చెప్పలేదు. నేను "తాతా, నేరుగా దాని దగ్గరికే పోనియ్" అంటే, "ఎదురెళ్తే లెగిసిపోద్ది బాబూ. పక్కనుంచి పోనిద్దాం. మీరు మాత్రం లెగకండి" అన్నాడు. గెడ వేయడం ఆపేసి దోనెని దానంతట అదే జారనిచ్చాడు. నీలికోడి మాకేసి ఒకసారి చూసి మళ్ళీ తూడు పీక్కోవడంలో పడిపోయింది. దోనెలో కూర్చున్నాను కాబట్టి లెన్సు దాని కంటి ఎత్తులోనే ఉంది. వెనకాల గడ్డి దూరంగా ఉండి పచ్చటి పూతలా కరిగిపోయింది. దోనె ఊగుతుందని షట్టర్ స్పీడ్ 1/1250 సెకను పెట్టాను, ఎగిరే పిట్టకైతే 1/2500కి తగ్గను. లెన్సులో ఉండే స్టెబిలైజర్ మన చేతి వణుకుని ఆపుతుంది గానీ పిట్ట మెడ తిప్పితే అదేం చేస్తుంది?

ఐఎస్‌ఓ పెంచితే, అంటే ఉన్న కాస్త వెలుతురునే కెమెరా పెంచి చూపేలా పెడితే, ఫోటోలో నాయిస్ (గరుకు చుక్కలు) వస్తుందని భయపడేవాళ్ళతో నాకు పేచీ. నాయిస్‌కి అసలు కారణం వెలుతురు చాలకపోవడం. కంబాలకొండ చెట్లనీడలో తోకపిగిలిపిట్ట కోసం ఐఎస్‌ఓ 3200కి వెళ్ళడానికి నేను జంకను. నాయిస్ తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నుని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

తెల్లకొంగల దగ్గర జాగ్రత్త ఇంకో రకం. చుట్టూ ముదురాకుపచ్చ నీళ్ళుంటే కెమెరా మొత్తం దృశ్యం చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, కొంగ వీపు సున్నం కొట్టినట్టు తెల్లగా పోతుంది. అక్కడ ఈకల గీతలేవీ సెన్సర్‌లో మిగల్లేదు కాబట్టి తర్వాత వెతికినా దొరకవు. కెమెరా లెక్కకన్నా వెలుగుని పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని మైనస్ 0.7తో మొదలుపెట్టి, హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడల గ్రాఫ్) కుడి గోడకి గుద్దుకుంటే ఇంకాస్త తగ్గిస్తాను. ఆకాశంలో గరుడపక్షికి దీనికి తిరగేసి, ప్లస్ 1 దాకా. తీసేది ఎప్పుడూ రా ఫైలే, అంటే సెన్సర్ పట్టినదాన్ని కెమెరా మార్పుచేర్పులు చేయకుండా ఇచ్చేది. 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో రంగుకి 16,384 మెట్లుంటే, జేపెగ్‌లో 256 మాత్రమే. నీడలో నల్లగా కనిపించే ఏట్రింత పిట్ట ఒంటి మీద నీలిమెరుపు ఆ మెట్ల మధ్యే దాక్కుంటుంది.

కంప్యూటర్ పని నాకు చివర్లో పావుగంట. ముందు నాయిస్ తగ్గించి తర్వాత పదును పెడతాను, తిరగేస్తే నాయిస్‌కే పదునొస్తుంది. లైట్‌రూమ్‌లో 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఏఐ డీనాయిస్ రా ఫైళ్ళ మీద బాగానే పనిచేస్తోంది, సగానికి మించి జరపనక్కర్లేదు. ఎక్కువ జరిపితే పిట్ట ప్లాస్టిక్ బొమ్మలా వస్తుంది. పదును పిట్ట మీదే, వెనకున్న నీళ్ళకెందుకు?

కొత్త కెమెరా ఆలోచన ప్రస్తుతానికి వాయిదా. పిట్ట కంటిని తనే వెతికి పట్టుకునే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలు చూస్తే మనసు లాగుతుంది, ఎగిరే పిట్టలకి అవి నిజంగా మేలే. తాత దోనెలో తీసిన ఆ నీలికోడిని ఏ4 సైజులో ప్రింటు వేయించాను. మెడ మీద ఊదా ఎక్కడ ఆగి నీలం ఎక్కడ మొదలవుతుందో ఈక ఈకకీ కనిపిస్తోంది. అదే ఫోటోని మా బావమరిదికి వాట్సాప్‌లో, కుదించకుండా ఉండేందుకు డాక్యుమెంట్‌గా పంపాను. ఫోన్ చేసి, "పోయినేడు పంపినదానికీ దీనికీ తేడా ఏముంది బావా?" అన్నాడు.