సముద్రంలో విమానాశ్రయం

2018 సెప్టెంబరు 6న ఒసాకాలోని కాన్సాయ్ విమానాశ్రయం నుంచి మా తిరుగు ప్రయాణం. అమ్మ, నా భార్య, తొమ్మిదేళ్ల అమ్మాయి, నేను. అప్పటికి క్యోటోలో ఉన్నాం. 4వ తేదీ మధ్యాహ్నం జెబీ తుఫాను వచ్చింది. జపాన్‌లో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, టీవీలో కూడా ఆ ఏడాదికి అది 21వ నంబరు తుఫాను, అంతే.

రైళ్లు ఆపేస్తామని ముందు రోజే చెప్పారు. గాలి మొదలయ్యాక హోటల్ కిటికీలోంచి చూస్తే, ఎదురుగా వరుసగా నిలబెట్టిన సైకిళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. సాయంత్రానికల్లా అంతా సద్దుమణిగింది. వీధి చివర చెత్తడబ్బా నిండా తిరగబడిన పారదర్శకపు గొడుగులు, పుల్లలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. "గాలి తగ్గింది కదా, ఇక మన ప్రయాణానికి ఢోకా లేదు" అంది అమ్మ. నేనూ అలాగే అనుకున్నాను.

రాత్రి టీవీ పెడితే రన్‌వే కనిపించలేదు, నీళ్లే కనిపించాయి. కాన్సాయ్ విమానాశ్రయం ఒసాకా అఖాతంలో మట్టి పోసి కట్టిన ద్వీపం. ఒడ్డుకు కలిపేది ఒక్కటే వంతెన. గాలికి లంగరు నిలవక కొట్టుకొచ్చిన ట్యాంకర్ నౌక ఆ వంతెనను గుద్దింది. ద్వీపం మీద వేలమంది చిక్కుకుపోయారు. మరునాడు వాళ్లను పడవల మీద కోబెకు, బస్సుల్లో ఒడ్డుకు చేర్చారు.

ఇంత జరిగినా మా విమాన సంస్థ వెబ్‌సైటులో మాత్రం 'సమయానికే' అని పచ్చ అక్షరాలు! ఫోన్ చేస్తే గంటా నలభై నిమిషాలు అదే సంగీతం. ఇప్పటికీ ఆ బాణీ ఎక్కడ విన్నా నాకు చిరాకు. 5వ తేదీ సాయంత్రం విమానం రద్దు చేశారు. ఎప్పుడు, ఎక్కడి నుంచి పంపుతారో మాత్రం చెప్పలేదు.

ఆ రోజు పగలంతా గదిలో కూర్చోలేక క్యోటో శివారులోని అరాషియామా వెళ్లాం. అక్కడి తొగెత్సుక్యో వంతెన చెక్క కటకటాలు చాలా దూరం విరిగి పడి ఉన్నాయి. మూడు రోజుల క్రితం వాటి మీదే చెయ్యి వేసి నా భార్య ఫోటో దిగింది. ఫోన్‌లో ఆ ఫోటో తీసి, చోటు వెతుక్కుంటూ కాసేపు నిలబడింది.

6వ తేదీ తెల్లవారుజామున ఉత్తరాన హొక్కైడో దీవిలో భూకంపం. వార్తలన్నీ అటు వెళ్లిపోయాయి. నాకు అమ్మ బీపీ మాత్రలు గుర్తొచ్చాయి. 7వ తేదీ దాకానే లెక్కపెట్టి ఇచ్చాను. ఆ మాట చెబితే అమ్మ నవ్వి, చేతిరుమాలు ముడి విప్పింది. అందులో ఇంకో ఆరు మాత్రలు. "నీ లెక్క మీద నేనెప్పుడు ప్రయాణం చేశాను?" అంది.

చివరకు 8వ తేదీకి నగోయా నుంచి టికెట్లు దొరికాయి. క్యోటో నుంచి షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో అరగంట పైచిలుకు, తర్వాత మరో రైలు. ఆ రెండో రైలు ఊరు దాటి వంతెన ఎక్కింది. కిటికీకి రెండు వైపులా నీళ్లు. అమ్మ తల తిప్పి నన్ను చూసింది.

"ఒరే, ఇది కూడా సముద్రంలోనేనా?"

నగోయాలోని ఈ చూబు విమానాశ్రయమూ మట్టి పోసి కట్టిన ద్వీపమేనని చెప్పక తప్పలేదు. అమ్మ మాట్లాడకుండా చేతిరుమాలు మళ్లీ ముడి వేసుకుంది.