ఓడెక్కని సరుకు

2001 ఎండాకాలంలో నేను హన్మకొండలో ఒక ఆడిటర్ గారి దగ్గర ఆర్టికల్స్, అంటే సీఏ చదువులో భాగమైన శిక్షణ, చేస్తున్నాను. బ్యాంకు తరఫున స్టాక్ చూసి రమ్మని ఎనుమాముల మార్కెట్ దగ్గరి ఒక కోల్డ్ స్టోరేజీకి పంపారు. ఒక వ్యాపారి అక్కడ మిర్చి దాచి, ఆ సరుకుకు ఇచ్చిన రసీదు బాండ్లు బ్యాంకులో పెట్టి లోను తీసుకున్నాడు. రికార్డులో 2,400 బస్తాలు. లోపల చలీ ఘాటూ కలిసి కళ్లల్లో నీళ్లు. ముందు వరస లెక్కపెట్టి, వెనక ఎన్ని వరసలో అడిగి గుణిస్తే సరిగ్గా సరిపోయింది. సంతకం పెట్టేవాణ్ణే, కానీ ఎందుకో ఒకసారి పైకెక్కి చూడాలనిపించింది. "ఎక్కకుర్రి సారూ, జారుతది" అన్నాడు హమాలీ. ఎక్కాను. మూడో వరస వెనక ఏమీ లేదు. నాలుగు పక్కలా బస్తాలు గోడలా పేర్చి నడుమ నా ఎత్తున ఖాళీ వదిలారు. ఒక బస్తా కుట్టు విప్పి చెయ్యి పెడితే తెల్లబారిన తాలుకాయ వచ్చింది.

అదే ఏడాది ఆగస్టులో చైనాలో ఒక పత్రిక ఇలాంటి పనే చేసిందని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. పేరు త్సాయ్‌జింగ్. ఆర్థిక వ్యవహారాలు అని అర్థం. మా ఆఫీసులో ఆర్టికల్స్ చేసే పిల్లలకు చెప్పడానికని పాత మోసాల కేసులు వెతుకుతుంటే కనబడింది. అప్పట్నుంచీ దాని చరిత్ర దొరికినంతా చదువుతున్నాను.

ఆ కేసు యిన్‌గ్వాంగ్‌ష్యా అనే కంపెనీది. ఊరు నింగ్‌ష్యా ప్రాంతంలోని యిన్‌చువాన్. షేరు ధర 2000లో ఒక్క ఏడాదిలోనే 440 శాతం పెరిగింది. తియాన్‌జిన్‌లోని తమ ఫ్యాక్టరీలో అల్లం నూనె, గుడ్డు సొన నుంచి తీసే లెసిథిన్ అనే కొవ్వు పదార్థం లాంటివి తీసి జర్మనీకి ఎగుమతి చేస్తున్నామని లెక్కల్లో చూపించారు. మన దగ్గర మిర్చి నుంచి ఓలియోరెజిన్ అనే చిక్కటి సారం తీస్తారు కదా, ఆ జాతి వ్యాపారమే. లింగ్ హువావెయ్ అనే విలేకరి నెలల తరబడి దాని వెంట పడింది. అంత యంత్రానికి అంత సరుకు వస్తుందా అని తెలిసినవాళ్లను అడిగింది, రాదన్నారు. చివరికి తియాన్‌జిన్ కస్టమ్స్ రికార్డులు తీయిస్తే, కంపెనీ చెప్పిన సరుకులో ఓడెక్కింది దాదాపు ఏమీ లేదు. కథనం వచ్చాక ట్రేడింగ్ ఆపారు. సెప్టెంబరులో మళ్లీ మొదలుపెడితే వరసగా 15 రోజులు షేరు రోజూ ఒక్క రోజులో పడనిచ్చే కింది పరిమితిని తాకింది. ఆ లెక్కల మీద సంతకం పెట్టిన షెన్‌జెన్ ఆడిట్ సంస్థ లైసెన్సు పోగొట్టుకుంది. ఈ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ సంస్థలోనూ నాలాంటి కుర్రాళ్లు ఉండి ఉంటారు, ముందు వరస లెక్కపెట్టి వచ్చేసినవాళ్లు.

2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ వ్యవహారం బయటపడ్డప్పుడు మనందరికీ తెలిసింది దాని అధినేత రామలింగరాజు రాసిన ఉత్తరంతోనే. 5,040 కోట్లు కాగితం మీదే ఉన్నాయని ఆయనే చెప్పాడు. అంతకుముందే కస్టమ్స్ ఆఫీసుకు వెళ్లినట్టు బ్యాంకు దాకా వెళ్లి అడిగిన విలేకరి మనకు లేకపోయింది కదా అని ఈ కేసు చదివినప్పుడల్లా బాధ కలుగుతుంది.

త్సాయ్‌జింగ్ 1998 ఏప్రిల్‌లో మొదలైంది. ఎడిటర్ హూ షూలీ. డబ్బు పెట్టింది వాంగ్ బోమింగ్, షేర్ మార్కెట్లు నెలకొల్పడంలో పనిచేసిన మనిషి. ఆమె ఆయనకు పెట్టిన షరతులు నాకు బాగా నచ్చాయి. మీ మిగతా వ్యాపారాల ప్రచారానికి ఈ పేజీలు వాడొద్దు, విలేకరులకు మంచి జీతాలిచ్చేందుకు 20 లక్షల యువాన్లు కావాలి. అక్కడ ప్రెస్ మీట్‌కు వెళితే ఎర్ర కవర్లో డబ్బు పెట్టి ఇచ్చే అలవాటు ఉండేది. జీతం సరిపోతేనే ఆ కవరు తీసుకోకుండా ఉంటారని ఆమె లెక్క. మొదటి సంచికలోనే హైనాన్‌కు చెందిన ఒక కంపెనీ కథ వేశారు. షేరు ట్రేడింగ్ ఆగిపోతుందని లోపలివాళ్లకు ముందే తెలిసి అమ్ముకున్నారు, చిన్న మదుపరులు ఇరుక్కుపోయారు.

మాది అలా ఇరుక్కుపోయిన ఇల్లే. మా బాపు ఒక చిట్ ఫండ్‌లో లక్షా 20 వేలు కట్టాడు. ఆ కంపెనీ ప్రకటన జిల్లా పేజీలో వారానికి రెండుసార్లు వచ్చేది. ఆఫీసుకు తాళం పడ్డ నాలుగో రోజుకు గానీ వార్త రాలేదు. ఆ పాస్‌బుక్ ఇప్పటికీ మా ఇనుప సందుకలో ఉంది.

2003లో సార్స్ మీద, 2008లో సిచువాన్ భూకంపంలో కూలిన బడుల మీద త్సాయ్‌జింగ్ గట్టిగా రాసింది. 2007 జనవరిలో లునెంగ్ కథ వేసింది. షాన్‌డోంగ్‌లోని ఆ విద్యుత్ సంస్థ ఆస్తులు 7,380 కోట్ల యువాన్లు, అందులో 90 శాతానికి పైగా వాటా 373 కోట్లకే చేతులు మారింది. ఆ గొడవలో అచ్చయిన ప్రతులను సిబ్బందే చేతులతో చింపాల్సి వచ్చింది. అంత కష్టపడి రాసిన కాగితాన్ని రాసినవాళ్లే చింపడం ఎలా ఉంటుందో ఊహిస్తేనే గుండె పట్టేసినట్టవుతుంది.

యాజమాన్యంతో పొసగక 2009 నవంబరులో హూ షూలీ రాజీనామా చేసింది. సంపాదక సిబ్బందిలో ఎక్కువ మంది ఆమెతోనే బయటికొచ్చి త్సాయ్‌షిన్ అనే కొత్త వార్తాసంస్థ పెట్టుకున్నారు. త్సాయ్‌జింగ్ ఆగలేదు. 2015 ఆగస్టులో షేర్ మార్కెట్ వార్త రాసినందుకు దాని విలేకరి వాంగ్ షియావోలును నిర్బంధించి, తప్పయిందని టీవీలో చెప్పించారు.

మొన్న ఆదివారం ఇదంతా బాపుకు చెప్పాను. సత్యం దాకా ఊరికే విన్నాడు. విలేకరుల జీతాల దగ్గర లేచి కూర్చున్నాడు.

"మరి గా బయటికొచ్చినోళ్లకు జీతాలు ఎవలిస్తున్నరు?"

2017 నుంచి త్సాయ్‌షిన్ కథనాలు డబ్బు కడితేనే చదవనిస్తున్నారని చెప్పాను. చదివేవాళ్లే కడుతున్నారన్నాను. ఎంతని అడిగాడు, రూపాయల్లో లెక్కగట్టి చెప్పాను.

"చిట్టీ కిస్తు కన్న తక్కువే" అన్నాడు బాపు.