ఎరోయికా శ్రుతి ఇంకా తేలలేదు: ఫుర్ట్‌వెంగ్లర్ 1944 రికార్డు మీద పని

కరెంటు హమ్ (రికార్డింగ్‌లోకి దూరే కరెంటు గుయ్యిమనే రొద) గీత దొరికింది! 1944 డిసెంబర్‌లో వియన్నా మ్యూజిక్‌ఫెరైన్ హాల్లో జర్మన్ కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్ నడిపిన ఎరోయికా (బెథోవెన్ మూడో సింఫనీ) అసలు ఎంత వేగంతో తిరగాలో చెప్పే సాక్ష్యం ప్లేటులోనే ఉంది. అయినా మొదటి మూవ్‌మెంట్ (సింఫనీలోని మొదటి భాగం) మాత్రం లొంగలేదు. ఈసారి రాసేదంతా దాని గురించే.

ఫుర్ట్‌వెంగ్లర్ కెరీర్‌ని సంవత్సరాల వరసలో డిజిటైజ్ చేసే పనిలో మిగతావి బాగానే నడుస్తున్నాయి. 1926లో పోలిడోర్ కంపెనీకి ఆయన చేసిన తొలి రికార్డుల్లో ఒకటైన ఫ్రైషుట్స్ ఒపెరా ఓవర్చర్ (ఆరంభ సంగీతం) పూర్తయింది. 1951 బైరాయిట్ కచేరీలోని బెథోవెన్ తొమ్మిదో సింఫనీ శుభ్రంగా వచ్చింది. 1952లో లండన్‌లో రికార్డు చేసిన వాగ్నర్ ఒపెరా ట్రిస్టాన్‌లో క్లిక్కులు తీయడం తప్ప పనేమీ లేకపోయింది.

ఎరోయికా సంగతి వేరు. ఈ రేడియో టేపును 1953లో అమెరికాలో యురేనియా సంస్థ ఆయన అనుమతి లేకుండా ఎల్పీగా వేసింది. ఆయన కోర్టుకెళ్లారు. ఆ ఎల్పీ శ్రుతి ఎక్కువగా ఉంటుందని సేకరించేవాళ్లందరికీ తెలుసు. నా దగ్గరున్నది ఆ తర్వాత అమెరికాలోనే వచ్చిన మరో ముద్రణ. ఇందులోనూ అదే జబ్బు.

కొలతలు ఇవీ. మొదట్లో వచ్చే రెండు కార్డ్‌లలో (ఆర్కెస్ట్రా అంతా ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) ఇ ఫ్లాట్ స్వరం 322.0 హెర్ట్జ్ దగ్గర ఉంది. ఆర్కెస్ట్రా శ్రుతి చేసుకునే ఏ స్వరం (A) 440 హెర్ట్జ్ అనుకుంటే అది 311.1 ఉండాలి. అంటే దాదాపు 59 సెంట్లు (సెమీటోన్‌లో నూరో వంతు ఒక సెంటు), సెమీటోన్‌లో సగం కంటే ఎక్కువ. మూవ్‌మెంట్ చివర, ముగింపు భాగమైన కోడాలో అదే ఇ ఫ్లాట్ 319.5. అంటే 46 సెంట్లే ఎక్కువ. మొదలుకీ చివరకీ మధ్య 13 సెంట్లు జారింది. నా టర్న్‌టేబుల్ మీద అనుమానం అక్కర్లేదు. 3150 హెర్ట్జ్ టెస్ట్ రికార్డు ముందూ తర్వాతా ఒకేలా చూపించింది. బెజ్జం పక్కకి ఉందేమోనని కూడా చూశాను. అర మిల్లీమీటరు తేడా ఉంటే 100 మి.మీ. వ్యాసార్థం దగ్గర శ్రుతి సుమారు 9 సెంట్లు అటూ ఇటూ ఊగుతుంది. కానీ అది ప్రతి 1.8 సెకన్లకీ వచ్చే ఊగు. ఇలా ఒకే వైపు జారదు.

ఎంత తగ్గించాలన్నది అసలు ప్రశ్న. ఆర్కెస్ట్రా ఏ 440కి శ్రుతి చేసుకుందో 445కి చేసుకుందో చెవితో తేల్చలేం. ఆ రెండింటికీ మధ్యే 20 సెంట్లు ఉంది. అందుకే కరెంటు హమ్ కోసం వెతికాను. వియన్నాలో మెయిన్స్ 50 హెర్ట్జ్. చిక్కేమిటంటే మన ఇంట్లో కూడా 50 హెర్ట్జే. స్పెక్ట్రమ్‌లో కనిపించే గీత అక్కడిదో, మన ఆంప్లిఫయర్‌దో తెలియదు. దీనికి పనికొచ్చిన ఉపాయం చాలా తేలిక. రెండో మూవ్‌మెంటైన ఫ్యూనరల్ మార్చ్‌లోని నిశ్శబ్దపు చోట్లని టర్న్‌టేబుల్ 33 వేగంలో ఒకసారి, 45లో ఒకసారి రికార్డు చేయాలి. ఇంటి హమ్ కదలదు. ప్లేటులోని హమ్ 1.35 రెట్లు పెరుగుతుంది. 50.0 దగ్గరి గీత అలాగే నిలబడింది, అది మాదే. 51.6 దగ్గరి గీత 69.7కి వెళ్లింది. రెట్టింపు హార్మోనిక్ 103.2 దగ్గర ఇంకా స్పష్టంగా ఉంది.

ఇంకో గీత 60 దగ్గర కనిపించింది. అదీ 45లో 81కి కదిలింది. ఇది అమెరికాలో డిస్క్ కోసిన గదిలోని కరెంటు. అది సరిగ్గా 60 దగ్గరే ఉందంటే డిస్క్ మీద గాడి కోసిన యంత్రం (లేత్) వేగం సరిగ్గా ఉంది, నా టర్న్‌టేబుల్ కూడా సరిగ్గా ఉంది. తప్పంతా టేపుదే, 3.2 శాతం ఎక్కువ వేగంతో తిరిగింది. ఇది చూసినప్పుడు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

జర్మన్ టేపు రికార్డరు మాగ్నెటోఫోన్ వేగం సెకనుకి 77 సెం.మీ., అమెరికన్ యంత్రానిది 76.2. తేడా అక్కడే వచ్చిందేమోనని లెక్క వేశాను. జర్మన్ టేపుని అమెరికన్ యంత్రం మీద వాయిస్తే శ్రుతి తగ్గుతుంది గానీ పెరగదు. అదీ ఒక్క శాతమే. ఆ ఊహ వదిలేశాను.

ఇక అసలు మొండితనం. మొత్తాన్నీ 3.2 శాతం తగ్గిస్తే మొదటి కార్డ్‌లు ఏ 441 దగ్గర కూర్చున్నాయి. కోడా మాత్రం 438కి పడిపోయింది. మొదటి నుంచి చివరి వరకు సమానంగా వాలేట్టు సరిచేస్తే మధ్య భాగమైన డెవలప్‌మెంట్‌లో ఇ మైనర్ కొత్త థీమ్ దగ్గర ఓబో (ఊదే వాద్యం) 6 సెంట్లు పైకి పోయింది. ఆ సవరణ తీసేస్తే ఓబో సరిగ్గా 441 మీదే ఉంది. మొదటి థీమ్ తిరిగి వచ్చే రికాపిట్యులేషన్ మొదలయ్యేసరికి మాత్రం 438. కాబట్టి ఇది జారుడు కాదు, ఆ రెండింటి మధ్య ఎక్కడో ఒక మెట్టు ఉంది.

నా ఊహలు రెండు. ఒకటి, ఒకటికంటే ఎక్కువ రోజుల టేకుల్ని అక్కడ అతికించారు. గాలి వాద్యాల శ్రుతి ఒక డిగ్రీ చలికి సుమారు 3 సెంట్లు పడుతుంది. హాలు 4 డిగ్రీలు చల్లగా ఉన్నా ఈ తేడా వచ్చేస్తుంది, యుద్ధకాలపు డిసెంబర్‌లో అది అసాధ్యమేమీ కాదు. రెండు, తర్వాత ఎవరో కాపీ చేసేటప్పుడు యంత్రం వేగం మారింది. తేల్చడానికి ఒక్క చోటు ఉంది. హార్న్ తొందరపడి ముందే వచ్చే ఆ ప్రసిద్ధమైన ఘట్టానికి కాస్త ముందు వయొలిన్లు సన్నగా వణికే కొన్ని సెకన్లు. అక్కడ హమ్ 103.2 దగ్గరుంటే టేపు మారలేదు, ఆర్కెస్ట్రానే తగ్గింది. 102.4 దగ్గరుంటే యంత్రం తప్పు. ఎంత చూసినా నాకు కనిపిస్తున్నది 102.3 నుంచి 103.3 దాకా పరుచుకున్న ఒక మసక గుట్ట. గాడి రొద దాన్ని మింగేస్తోంది. చాలా సార్లు వాయించి సగటు తీసినా లాభం లేదు, రొద ప్రతిసారీ అదే గాడిలోంచి వస్తుంది కదా.

మోనో ప్లేట్లకి 25 మైక్రాన్ల ముల్లే మేలని నా అభిప్రాయం.  వావ్ (వేగం ఊగడం వల్ల వచ్చే శ్రుతి ఊగు) తీయడానికి సెలెమొనీ వారి కాప్‌స్టన్ సాఫ్ట్‌వేర్ అద్భుతం, ధరే భయపెడుతుంది. శ్రుతిని ఆటోమేటిక్‌గా 440కి లాగేసే పద్ధతులు మాత్రం ఫుర్ట్‌వెంగ్లర్ విషయంలో వాడకూడదు. ఆయన టెంపో నిమిషానికొకసారి మారుతుంది, దాని మీదే ఎన్నో దశాబ్దాలుగా వాదనలు. ఈ ప్లేటులో మొదటి మూవ్‌మెంట్ 15 నిమిషాల 9 సెకన్లలో అయిపోతోంది. సరిచేస్తే 15:38. అరనిమిషం తప్పు పెట్టుకుని ఆ మనిషి వేగం గురించి తీర్పు చెప్పడం అన్యాయం. ఇది వాయించిన కొద్ది వారాలకే, 1945 జనవరి చివర వియన్నాలో కచేరీ చేసి ఆయన స్విట్జర్లాండ్‌కి తప్పించుకున్నారు. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ముందు మళ్లీ నిలబడింది 1947 మేలో. అంత ముఖ్యమైన సమయపు ఎరోయికా ఇది, దీన్ని సరైన శ్రుతిలో వినాలి.

ఇంకో కాపీ కోసం అడుగుతున్నాను, వేరే స్టాంపర్‌తో (ప్లేట్లు అచ్చువేసే అచ్చు) వచ్చినదైతే మంచిది. రెండు గాడుల రొదలు వేరు, హమ్ ఒకటే. రెండూ కలిపి చూస్తే ఆ గుట్ట విడిపోవాలి. అది వచ్చేలోపు 1954 వియన్నా వాల్క్యూర (వాగ్నర్ ఒపెరా) మొదలుపెడతాను. ఆయన చివరి స్టూడియో రికార్డు అది, నవంబర్ 30న పోయారు. దాని శ్రుతితో ఇబ్బంది లేదు. మూడో అంకంలో ఒక వైపు గట్టి గీత పడి ఉంది, ముందు ఆ ప్లేటుని తడి వాక్యూమ్‌తో కడిగి చూడాలి.