ప్రాపు కింద పలక

"నువ్వు ఇంజినీరువా?" అని అరిచాను. హిందీలో, పంపు చప్పుడు మించి అందరికీ వినబడేలా. ఆ నేపాలీ కుర్రాడు తల దించుకుని మళ్లీ అదే మాట అన్నాడు. "ఉస్తాద్, మూలన ప్రాపుల కింద పలకలు లేవు. ఇసుకలోకి దిగుతున్నాయి." ప్రాపులంటే పోసిన స్లాబు గట్టిపడేదాకా కింద నుంచి మోసే ఊతలు.

దుబాయ్‌లో ఎండాకాలం స్లాబులు ఎక్కువగా రాత్రిపూటే పోస్తాం. అప్పటికే రెండు మిక్సర్ లారీలు గేటు దగ్గరున్నాయి. మాల్, అంటే కలిపిన కాంక్రీటు, మన కోసం ఆగదు కదా, గట్టిపడిపోతుంది. ఈజిప్టు ఇంజినీరు మాత్రం ఏమీ అనకుండా టార్చి పట్టుకుని స్లాబు కిందికి దూరాడు. బయటికొచ్చి పోత ఆపించాడు. కుర్రాడి భుజం తట్టి 'షుక్రన్', అంటే థాంక్స్, అన్నాడు. పలకలు వేసి మొదలుపెట్టేసరికి రెండు గంటలు పట్టింది, ఒక లారీ మాల్ వెనక్కి పోయింది. తర్వాత నన్ను ఆఫీసు కంటైనర్ వెనక్కి తీసుకెళ్లి, "వాడు నీకు భయపడి నోరు మూసుకుని ఉంటే ఈ రాత్రి ఏమయ్యేది?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. నాకు అదే ఎక్కువ మండింది.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు. తప్పితే మనిషికి 5,000 దిర్హాముల జరిమానా. మర్నాడు ఆ రెండున్నర గంటలూ షెడ్డులో పడుకుని ఇంజినీరుకు మనసులోనే జవాబులు చెప్పుకున్నాను. జగిత్యాలలో సెంట్రింగ్ పని నేర్పిన మా మేస్త్రి కొలకర్రతో కొట్టేవాడు. ఎదురు చెప్పడమన్నదే తెలియదు మాకు. కానీ మా చెల్లె పెళ్లికి అడగకముందే డబ్బు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది కూడా ఆయనే. ఈ ఇంజినీరుకు నాకో చెల్లె ఉందని తెలుసా? పోయిన ప్రాజెక్టు అయిపోయినప్పుడు నలభై మంది పేర్ల లిస్టు క్యాంపు గోడకు అంటించారు. అప్పుడూ ఎవరూ అరవలేదు, మెత్తగానే ఇంటికి పంపారు.

ఇన్ని జవాబులు దొరికినా నిద్ర పట్టలేదు. మేస్త్రి దగ్గర చేరిన కొత్తలో ఒక ఇంటి స్లాబుకు బీము కింద ఒక కర్ర పక్కకు ఒరిగి ఉండటం చూశాను. చెబితే కొలకర్ర వీపు మీద పడుతుందని ఊరుకున్నాను. సెంట్రింగ్ విప్పాక బీము కొంచెం జారి ఉంది. మేస్త్రి ప్లాస్టరింగ్‌లో కప్పేశాడు. ఆ ఇంట్లో ఇప్పటికీ మనుషులున్నారు. సెలవుకు వెళ్లినప్పుడల్లా ఆ వీధిలో తలెత్తి చూసుకుంటూ నడుస్తాను. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ఆ కుర్రాడికి లబన్ ప్యాకెట్ ఇచ్చాను. క్షమించమనడం నాకు నోట రాదు, మజ్జిగైతే ఇవ్వగలను. తీసుకున్నాడు, ఏమీ అనలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున టూల్‌బాక్స్ మీటింగులో, అంటే పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు మాట్లాడుకునే చోట, అడుగుతున్నాను, ఎవరైనా ఏమైనా చెప్పాలా అని. నా కింద ముప్పై రెండు మంది. అందరిదీ ఒకటే మాట, 'సబ్ ఠీక్ హై'. మూడో వారంలో ఒకరు చెయ్యెత్తారు. నేపాలీ కుర్రాడు కాదు, ఆరేళ్లుగా నాతో కలిసి తింటున్న నిజామాబాద్ తమ్ముడు.

"అన్నా, నాలుగో నిచ్చెన మెట్టు ఊగుతోంది."

"ఎప్పట్నుంచి?"

"రంజాన్ ముందు నుంచి."